అలాగే ప్రెసిడెంటూ, పొట్టి దండెమూ

ఆ వీధిలో ఎవరి మోటారు మొరాయించినా ముందు ఆయన్నే పిలుస్తారు. సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర కొంచెం ముందుకు వంగి ఉంటాడు. బోరు గొట్టాల్లోకి తొంగిచూసి చూసి ఆ వంపు వచ్చిందని ఆయన భార్య అంటుంది. జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు, గోళ్ళ కింద గ్రీజు. పనికి వంక పెట్టేవాడు లేడు. వంకంతా నోటి దగ్గరే ఉంది. ఆ నోటికి "కాదు" అనే మాట పలకదు. ఎవరేం అడిగినా "అలాగే" అంటాడు.

ఒకసారి ఒకే మధ్యాహ్నానికి ముగ్గురికి మాటిచ్చాడు. ఎవర్నీ నొప్పించకూడదు కదా, అందుకని మొదటివాళ్ళ మోటారు విప్పి "ఇదిగో వస్తా" అన్నాడు, రెండోవాళ్ళింటికి వెళ్ళి అక్కడిదీ విప్పాడు, మూడోవాళ్ళ మోటారు మూత తీసేసరికి పొద్దు గుంకింది. మర్నాడు ఏ బోల్టు ఎవరిదో తేల్చుకోడానికి మూడిళ్ళవాళ్ళూ కట్టకట్టుకుని ఆయన గుమ్మంలోకి వచ్చారు. తిడదామని వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళారు. తిట్టి ఏం లాభం? దానికీ "అలాగే" అంటాడు.

అలా ఆయన అసలు పేరు చిన్నగా జారిపోయి "అలాగే" మిగిలింది. పెద్దవాళ్ళకి అలాగే తమ్ముడు, చిన్నవాళ్ళకి అలాగే మావయ్య.

ఆ అలవాటు ఎక్కడిదో ఆయన భార్యకి తెలుసు, ఆయన అక్కకి తెలుసు. పాలు మరవక ముందే తల్లి పోయింది. అక్కే చంకనేసుకుని పెంచింది. చంకలో పిల్లాడితో బడికి వెళ్తే, "అమ్మాయ్, నువ్వొక్కదానివే రా, లేదా వాణ్ణొక్కణ్ణే పంపు" అన్నాడట మాస్టారు. అక్క పలక ఇంట్లో పెట్టేసి వాడు పెద్దయ్యేదాకా ఆగి వాణ్ణే పంపింది. తను కూలికి వెళ్ళినప్పుడు వాణ్ణి ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో దింపుతూ చెవిలో చెప్పేది: "వాళ్ళేం చెప్పినా అలాగే అను నాన్నా. అప్పుడు అన్నం పెడతారు." పిల్లాడు అన్నాడు. అన్నం పెట్టారు. ఇంక మానలేదు.

ఇలాంటి మనిషి ఊరికి ప్రెసిడెంటు ఎలా అయ్యాడంటారా? ఇలాంటి మనిషి కాబట్టే అయ్యాడు. పైవీధి వాళ్ళకీ కిందివీధి వాళ్ళకీ ఉప్పూ నిప్పూగా ఉన్న రోజులు. పైవీధి వాళ్ళొచ్చి "మా తరఫున నిలబడు" అన్నారు. అలాగే అన్నాడు. వాళ్ళటు వెళ్ళగానే కిందివీధి వాళ్ళొచ్చారు. వాళ్ళకీ అలాగే అన్నాడు. విషయం తెలిసేసరికి నామినేషన్లు అయిపోయాయి. మనవాడే కదా అని వీళ్ళూ వేశారు, మనవాడే కదా అని వాళ్ళూ వేశారు.

"ఊరంతా ఏకమై ఓటేసింది మీ మంచితనానికి కాదు, మీ నోటి దురదకి" అంది భార్య, దండలు తీసి మేకుకి తగిలిస్తూ.

"అలాగేలే" అన్నాడాయన.

ఇంక దండెం సంగతి చెప్పుకోవాలి. అది లేనిదే ఈ కథ లేదు.

ఆయనింటికి ఎదురుగా, వీధి మలుపులో ఊరి మంచినీళ్ళ బోరు ఉంది. దాని పక్కన బట్టలుతుక్కునే సిమెంటు గచ్చు. బోరు వేసిన కొత్తల్లో మోటారుని తాడు కట్టి లోపలికి దించింది ఆయనే. తాడు చుట్ట పెద్దది, నీళ్ళేమో పైనే ఉన్నాయి. బోలెడంత తాడు బయట మిగిలిపోయింది. "కోసెయ్" అన్నారు ఎవరో. అలాగే అని కత్తి తీశాడు కానీ చెయ్యి రాలేదు. "తాడుని ఒకసారి కోస్తే రెండు ముక్కలూ అక్కరకి రావు" అని గొణుక్కుని, మిగిలిందాన్ని బోరు గొట్టం నుంచి లాగి అటు చివర టైలరమ్మ అరుగు స్తంభానికి కట్టాడు. అంతే, వీధి ఆడవాళ్ళకి అచ్చొచ్చిన దండెం దొరికింది. దుప్పట్లు, తువ్వాళ్ళు, బడి చొక్కాలు, పెళ్ళివారింటి కర్టెన్లు, ఏం తెచ్చినా చోటుండేది.

తర్వాత ఒక ఎండాకాలం మోటారు నీళ్ళకి బదులు గాలి పీల్చింది. ఇంకో గొట్టం తగిలించి కిందకి దించాడు. గొట్టంతోపాటు తాడూ దిగింది. దండెం టైలరమ్మ స్తంభాన్ని వదిలి పక్కింటి గేటుకి వచ్చింది. ఇంకో ఏడాది ఇంకో గొట్టం. గేటు నుంచి కరెంటు స్తంభానికి. అక్కణ్ణుంచి ఆయన కిటికీ ఊచకి. భూమి లోపల ఏం జరుగుతోందో ఎవరికి కనబడుతుంది? ఆ వీధి ఆడవాళ్ళకి మాత్రం కనబడేది. దుప్పటి ఆరేస్తే పక్కావిడ చొక్కాకి చోటుండేది కాదు. "నీ తువ్వాలు కాస్త జరుపు" దగ్గర మొదలైన మాట "మీ అత్త కూడా ఇంతే" దాకా వెళ్ళేది. నీళ్ళు దిగినకొద్దీ తగాదాలు పైకొచ్చాయి.

ఆ ఏడు దండెం మీద నాలుగు చొక్కాలు భుజం భుజం రాసుకుంటే ఐదోదానికి చోటు లేదు. టైలరమ్మ లేచింది. ఆవిడ వార్డు మెంబరు. మిషను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు గంటలా తయారైంది.

"అన్నయ్యా, ఈ మంచినీళ్ళ బోరు చుట్టూ ఇంకెవరూ కొత్త బోరు వెయ్యకూడదు. మనమే తీర్మానం చేద్దాం" అంది పంచాయతీ ఆఫీసులో కుర్చీ ముందుకి లాక్కుని.

తీర్మానం బాగానే ఉంది, ఎంత దూరమో తేలలేదు. ఒకరు ఈ గట్టు దాకా అన్నారు, ఒకరు ఆ గట్టు దాకా అన్నారు. ఎవరి గట్టు వాళ్ళకి అడ్డం. గంటసేపు వాదించుకున్నాక టైలరమ్మే బల్ల మీద కొట్టింది.

"బోరు దగ్గర నిలబడి నేను కేకేస్తాను. ఎంతవరకు వినిపిస్తే అంతవరకు కొత్త బోరు వద్దు. సరేనా?"

అందరూ సరే అన్నారు. ఎందుకన్నారో తెలుసా? పక్కవాడి పొలానికి వినిపిస్తుందిలే, మనకి గాలివాటం కాదు అని ఎవరికి వారే లెక్క వేసుకున్నారు. ప్రెసిడెంటు కూడా "అలాగే" అని సంతకం పెట్టేశాడు. వెనక బెంచీలో కూర్చున్న డబ్బాలాయన మాత్రం ఏమీ అనకుండా చిరునవ్వు నవ్వాడు. ఆయనకి నీళ్ళ ప్లాంటుంది. ఊరి నీళ్ళు తోడి డబ్బాల్లో పోసి పట్నానికి పంపుతాడు. బోరుకి అవతలి పక్కన ఆయన ఖాళీ స్థలం ఒకటి పడి ఉంది.

ప్రెసిడెంటు ఆ పూట ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కున్నాడో లేదో, అక్క వచ్చింది. బోరుకి ఇవతల, రెండు చేలు దాటితే అక్క తోట. టమాటా, బెండ, బీర. భర్త పోయాక ఆ తోటే ఆవిడకి మొగుడూ, కొడుకూ.

"ఒరేయ్, నా బోరు అడుగంటింది. చిటికెన వేలంత ధార వస్తోంది, అదీ దగ్గుతూ. తోట మాడిపోతోందిరా. బోరు బండికి చెప్పాను, ఎల్లుండి వస్తోంది. పైమూల వేయిస్తా. ఎవడైనా అడ్డొస్తే నువ్వున్నావుగా."

"అలాగే అక్కా" అన్నాడు.

ఆవిడ గేటు దాటాక గానీ ఆయనకి వెలగలేదు. తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వెనక నుంచి భార్య అంది: "పొద్దున ఒక అలాగే, సాయంత్రం ఒక అలాగే. రెండూ ఒక్క నోట్లో ఎలా పడతాయండీ?"

"పైమూలకి టైలరమ్మ గొంతు వినిపించదేమోనే."

"ఆవిడ గొంతా? పోయినవాళ్ళకి కూడా వినిపిస్తుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆయన పరిస్థితి అచ్చంగా అదే, కాకపోతే రెండింట్లోనూ నీళ్ళు లేవు. మర్నాడు బోరు బండి ఓనరుకి ఫోను చేశాడు, నాలుగు రోజులాగి రమ్మందామని. ఆయన నోరు విప్పేలోపే ఓనరు "ప్రెసిడెంటుగారూ, మీ అక్కగారి పనని ముందుకి జరిపాను, రేపు పొద్దున్నే వచ్చేయమంటారా?" అన్నాడు. "అలాగే" అని పెట్టేశాడు. తర్వాత అక్కకే చెబుదామని తోటకి వెళ్ళాడు. అక్క ఎండిన బెండ మొక్కల మధ్య కూర్చుని, ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. "రా తిను" అని గిన్నె ముందు పెట్టింది. తినేసి వచ్చేశాడు.

"చెప్పారా?" అంది భార్య.

"తిన్నాను" అన్నాడు.

ఎల్లుండి రానే వచ్చింది. బోరు బండి కుదుపులకి కిటికీ అద్దాలు గలగల్లాడాయి. వీధి వీధంతా వెనకే నడిచింది. టైలరమ్మ మెడలో టేపు అలాగే వేలాడుతుండగా పరిగెత్తుకొచ్చి బోరు పక్కన నిలబడింది. అక్క తోట పైమూల చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది.

"తీర్మానం తీర్మానమే! కేకేసి చూద్దాం!" అంది టైలరమ్మ. గుండెల నిండా ఊపిరి పీల్చి, "అక్కా! నా గొంతు వినిపిస్తోందా?" అని ఒక్క కేక వేసింది. కరెంటు తీగల మీది పిట్టలు లేచిపోయాయి.

తోట పైమూల నుంచి అంతకంటే గట్టిగా జవాబొచ్చింది: "వినిపించట్లేదు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత నవ్వు మొదలైంది. బండి మీది కుర్రాళ్ళు డ్రిల్లు రాడ్లు పట్టుకుని నవ్వారు. టైలరమ్మ గచ్చు మీద కూలబడి నవ్వింది. ప్రెసిడెంటు భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అక్కకి కూడా పెదవి వణికింది, కానీ నవ్వుని మింగేసి గట్టు దిగి గబగబా బోరు దగ్గరికి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"నవ్వండి. నవ్వుకోండి. మీ తీర్మానాలు నాకు తెలీవు. వాడు నాకు అలాగే అన్నాడు. వాడు కాదంటే బండి తిప్పించేస్తాను. అడగండి వాణ్ణే!"

అందరూ తమ్ముడి వైపు తిరిగారు. అక్కకి తెలుసు, వాడు అనలేడని. ఊరికీ తెలుసు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పాము అని అక్కని అనకూడదు కానీ సామెత అలా ఉంది.

అప్పుడు డబ్బాలాయన మోటారుసైకిలు మీద నుంచే తియ్యగా అందుకున్నాడు. "ఎందుకమ్మా ఆడవాళ్ళని ఎండలో నిలబెట్టడం? అక్కగారిని వేసుకోనివ్వండి, పెద్దావిడ. ప్రెసిడెంటుగారూ, ఇక్కడ పనైపోగానే బండిని అలా మా స్థలంలోకి పంపించేయండి. దారే కదా."

"అ..." అన్నాడు ప్రెసిడెంటు.

అలవాటుగా నోరు తెరుచుకుంది. మాట మాత్రం అక్కడే ఇరుక్కుంది. మోటారు గొట్టంలో అడ్డం పడితే ఎలా ఉంటుందో ఆయన కంటే ఎవరికి తెలుసు? పైకి లాగితే రాదు, కిందకి తోస్తే పోదు. కిటికీ ఊచ వైపు చూశాడు. పొట్టి దండెం మీద ఒకదాని మీద ఒకటి చొక్కాలు. అక్క వైపు చూశాడు. అక్క కూడా ఆయన నోటి వంకే చూస్తోంది, చిన్నప్పుడు ముద్ద మింగాడో లేదో చూసినట్టు.

"కాదు" అన్నాడు.

గొంతు పగిలినట్టు వచ్చింది. తనకే కొత్తగా అనిపించి ఇంకోసారి అన్నాడు. "కాదండీ. మీకు కుదరదు." తర్వాత అక్క వైపు తిరిగాడు. తిరిగాక ఇంక ప్రెసిడెంటు కాదు, తమ్ముడే.

"నీక్కూడా వద్దక్కా."

"ఏంట్రా?"

"నీకిస్తే ఆయనకీ ఇవ్వాలి. ఆయనకిస్తే రేపు మనమంతా డబ్బా పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడాలి. నువ్వూ నిలబడాలి. నేను చూళ్ళేను."

అక్క చాలాసేపు చూసింది. "నేను పెట్టిన..." అంది, మాట పూర్తి చెయ్యలేదు. బండిని పొమ్మన్నట్టు చెయ్యి ఊపి, వెనక్కి తిరిగి తోటలోకి వెళ్ళిపోయింది. తడిక తలుపు వేసుకుంది. గెలిచింది టైలరమ్మే అయినా టేపు చేతికి చుట్టుకుంటూ తల వంచుకుని ఇంటికి పోయింది. డబ్బాలాయన "వచ్చే ఎన్నికలు రాకపోతాయా" అని మోటారుసైకిలు స్టార్టు చేసుకున్నాడు.

ఆ పూట భార్య వడ్డించింది. ఆయన కంచం ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి కదల్లేదు.

"అక్క తిందో లేదో" అన్నాడు.

"నేను పట్టుకెళ్ళాను. గిన్నె తీసుకుంది. నా మొహం చూళ్ళేదు."

"గిన్నె తీసుకుందా?"

"తీసుకుంది."

అప్పుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అక్క మాట్లాడ్డం మానేసింది. దారిలో ఎదురైతే ఈయన్ని దాటి అవతలి గోడతో మాట్లాడేది. "కొందరికి పెద్దరికం వచ్చిందమ్మా" అని గోడకి చెప్పేది. గోడ ఏమంటుంది, ఈయనే "అవునక్కా" అనేవాడు. అయినా కాదన్న మాటని వెనక్కి తీసుకోలేదు. తోట మాత్రం రోజురోజుకీ వాడిపోతోంది. అది చూసే ధైర్యం లేక ఆయన ఆ దారి మానేసి ఊరు చుట్టి పనులకి పోయేవాడు.

ఒకరోజు గచ్చు మీద కూర్చుని మోటారు స్టార్టరు బాగుచేస్తూ చూశాడు. ఆడవాళ్ళు బట్టలు జాడించిన నీళ్ళు గచ్చు మీంచి జారి, రోడ్డు మీద బురదై, పందులకి పడగ్గదిలా తయారయ్యాయి. స్టార్టరు పక్కన పడేసి లేచాడు. పాత గొట్టాలు, బోర్లలోంచి తీసి పడేసినవి, ఇంటి వెనక గుట్టగా ఉన్నాయి. వాటిని తెచ్చి ముక్కకి ముక్క అతికాడు. గచ్చు దగ్గర చిన్న గోడ కట్టి, సబ్బు నీళ్ళు పాత దారినే పోయేలా, జాడించిన నీళ్ళు మాత్రం గొట్టంలోకి దిగేలా చేశాడు. పారతో గట్టు పక్కనే కాలవ తీసి, గొట్టాన్ని అక్క తడిక దాకా తీసుకెళ్ళి వదిలాడు. లోపలికి పోలేదు.

ఆడవాళ్ళు ఊరుకుంటారా. "సబ్బొకచోటా, జాడింపొకచోటానా? మా నడుములేం కావాలి బావా? ఎక్కడ పడితే అక్కడ పారబోస్తాం, పోనీ."

"కుదరదు" అన్నాడాయన. ఈసారి గొంతు పగల్లేదు.

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అమ్మో, అలవాటైపోయింది ఈయనకి!"

మర్నాడు చూస్తే గొట్టం నోట్లో గుడ్డ కుక్కి ఉంది. అక్క పని. ప్రెసిడెంటు భార్య ఆ గుడ్డ తీసి, ఉతికి, దండెం మీద ఆరేసింది. ఆ మర్నాడు ఇంకో గుడ్డ. అదీ ఉతికి ఆరేసింది. "వదిన ఇంట్లో గుడ్డలన్నీ శుభ్రపడేదాకా ఇదే పని" అంది నవ్వుతూ. కుక్కిన గుడ్డ చుట్టూ కారిన తడికి తడిక అంచున ఉన్న బీరపాదు మాత్రం తల ఎత్తింది. ఒక చిన్న పసుపు పువ్వు పూసింది. ఆ తర్వాత గొట్టంలో గుడ్డ కనబడలేదు. గొట్టం నోటి దగ్గర ఎవరో రాళ్ళు పేర్చి, నీళ్ళని టమాటాల వైపు మళ్ళించారు. ఎవరో అంటే ఎవరో తెలిసిందే.

తోటంతా బతికిందని చెప్పను. బెండ పోయింది. సగం టమాటా పోయింది. మిగిలిందానికి ఆవిడ పగలంతా సేవ చేసింది. ఆ ఎండాకాలం మంచినీళ్ళ బోరుకి మాత్రం గొట్టం దించాల్సిన పని పడలేదు. దండెం పెరగలేదు, తరగలేదు. కిటికీ ఊచ దగ్గరే ఉంది.

ఒక పొద్దున ఆయన ఆ కిటికీ పక్కనే కూర్చుని ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. అక్క వచ్చింది. చంకలో తడి దుప్పటి. ఆయన్ని చూడకుండా నేరుగా దండెం దగ్గరికి వెళ్ళింది. మరదలి తువ్వాళ్ళని ఒక మూలకి తోసేసి దుప్పటి పరిచింది. దులిపింది. అంచులు సరిచేసింది. చెయ్యాల్సిన దానికంటే ఎక్కువసేపే సరిచేసింది. తర్వాత దుప్పటి వెనక నుంచే అంది:

"ఒరేయ్. నా మోటారు గొంతు మారింది. రేపు పొద్దున్నే వచ్చి చూడు."

ఆయన చేతిలో రెక్క ఆగిపోయింది. ఎన్నాళ్ళకి "ఒరేయ్" అంది! నోరు తెరిచాడు. లోపల భార్య గరిటె పట్టుకుని చెవులు రిక్కించింది.

"రేపు కుదరదక్కా. టైలరమ్మ మిషను మోటారు విప్పి పెట్టాను, అది బిగించాలి. ఎల్లుండి వస్తా."

దుప్పటి అంచు పక్కకి తొలగి అక్క మొహం కనబడింది. తమ్ముణ్ణి కింది నుంచి పై దాకా చూసింది, బడి బట్టలు కొత్తగా తొడిగి చూసుకున్నట్టు. ఆ తర్వాత కిటికీలోకి చూసి, "వీడికి నోరొచ్చిందేమే!" అంది.

"మీ తమ్ముడేగా వదినా" అంది మరదలు లోపల్నుంచి.

అక్క దుప్పటి మడత ఇంకోసారి సవరించింది. తువ్వాలుకి చోటు చాలట్లేదని దుప్పటిని కొంచెం ఇటు లాక్కుంది.

"అలాగే" అంది. "ఎల్లుండే రా. తిని వెళ్దువుగాని."